పొరుగూరి దీపము

కాలువకు ఈవలి గట్టున ఒక ఊరు, ఆవలి గట్టున మరియొక ఊరు. రెండింటికిని ఒకే వాన, ఒకే నేల, ఒకే సంత. తాతల నాటినుండియు రెండూళ్లవారును చీకటిలోనే కాపురములు చేసిరి. ఆ చీకటిని గూర్చి ఎవరును ఎవరినీ నిందింపలేదు. ఎండకు, వానకు, జ్వరమునకు ఓర్చినట్లే దానికిని ఓర్చిరి. ఒకనాడు ఆవలి ఊరి వీధిలో దీపము వెలిగినది. ఆ రాత్రి మొదలుకొని ఈవలి ఊరి చీకటి మునుపటి చీకటి కాదు. అందు వీసమెత్తు పెరిగినది లేదు, తరిగినది లేదు. అయినను నిన్నటిదాక దైవికముగా తోచినది నేడు అన్యాయముగా తోచుచున్నది. ‘వారికి వచ్చినది మాకేల రాలేదు?’ అను ప్రశ్న రచ్చబండమీదికి వచ్చి కూర్చున్నది.

ఈ ప్రశ్నను అసూయ యనవలెనా, న్యాయబుద్ధి యనవలెనా? దేశములో స్థానిక ప్రభుత్వముల మధ్య ఏర్పడిన పోటీని గూర్చి ఆలోచించువారికి మొదట ఎదురగు చిక్కు ఇదే. మహాభారతమున ఈ చిక్కు రెండు రాజధానుల రూపమున కానవచ్చును. హస్తినాపురమున దుర్యోధనునకు కొరతపడినది ఏదియు లేదు. ఇంద్రప్రస్థమున మయసభను చూచి వచ్చినపిమ్మటనే అతనికి నిద్ర కరవైనది. లోకము దానిని అసూయ యని తీర్పు చెప్పినది. ఆ తీర్పు తప్పు కాదు. అయితే ఆ సభ లేచుటకు ముందు ఖాండవవనము కాలినది. ఆ మంటలలో నివాసమును, బంధువులను కోల్పోయిన నాగజాతివారు అదే సభను చూచి ఉన్నయెడల వారి మనస్సులో రగిలినదానిని అసూయ యనుటకు ఎవరికిని నోరు రాదు. చూచిన వస్తువు ఒకటే. చూచిన కన్నులు వేరు. అసూయాపరుడు పొరుగింటి దీపము ఆరిపోయిన చాలుననుకొనును. న్యాయము కోరువాడు ఆ దీపమునకు నూనె ఎక్కడిదని అడుగును. సామాన్యుని హృదయములో ఈ రెండును పాలును నీరునువలె కలసి ఉండును గనుక, ఏది ఎంత యని విడదీయుట కష్టము. పాలకులు చేయగలిగినది ఒక్కటే కలదు: నూనె ఎక్కడిదని అడిగినవానికి సమాధానము చెప్పుట. ఆ సమాధానము దొరకని చోట న్యాయబుద్ధి పులిసి అసూయగా మారును.

స్వతంత్ర భారతమున పంచాయతీల చరిత్ర ఒకవిధముగా ఈ ప్రశ్న పెరిగిన చరిత్రయే. 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగసభలో డాక్టరు అంబేద్కరు ప్రసంగించుచు, పల్లెను ఆదర్శముగా కొనియాడువారిని తీవ్రముగా ఖండించిరి. ఆయన దృష్టిలో పల్లె సంకుచితత్వమునకును అజ్ఞానమునకును నిలయము. గాంధీజీ మార్గమును నమ్మినవారి పట్టుదలవలన పంచాయతీల ప్రస్తావన 40వ అధికరణముగా ఆదేశసూత్రములలో చేరినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము మూడంచెల వ్యవస్థను సూచించినది. 1959 అక్టోబరు 2వ తేదీన రాజస్థానములోని నాగౌరులో నెహ్రూ దానిని ప్రారంభించిరి. అదే సంవత్సరమున ఆంధ్రప్రదేశమును ఆ బాట పట్టినది. 1993 ఏప్రిల్ 24వ తేదీన 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చుటతో అయిదేండ్లకొకమారు ఎన్నికలు, జనాభాననుసరించి దళితులకును గిరిజనులకును స్థానములు, స్త్రీలకు మూడవవంతుకు తక్కువ కాకుండ స్థానములు శాసనబద్ధములైనవి. అంబేద్కరు వెలిబుచ్చిన అనుమానము తీరిపోయినదని ఎవరును అనలేరు. కాని ఆ అనుమానమును ఊరివారి ఎదుటనే పలుకుటకు ఊరిలోనివానికి ఒక గద్దె దొరికినది.

ఈ పంచాయతీ పూర్వపు పంచాయతీ కాదు. ప్రేమ్‌చంద్ 1916లో వ్రాసిన ‘పంచ్ పరమేశ్వర్’ కథలో జుమ్మన్ షేకు, అల్గూ చౌదరి ప్రాణమిత్రులు. న్యాయాసనముపై కూర్చున్నవానికి మిత్రుడు మిత్రుడుగాను, శత్రువు శత్రువుగాను కనబడకుండుట ఆ కథకు ఆయువుపట్టు. అక్కడ వాది యున్నాడు, ప్రతివాది యున్నాడు, నడుమ ఒక తగవు కలదు. పంచులు తీర్పు చెప్పినంతనే పని ముగిసినది. నేటి పంచాయతీ ఎదుట వాదియు లేడు, ప్రతివాదియు లేడు. ఒక్క బోరుబావి, నాలుగు వీధులు. పది ఇండ్ల మంజూరు, అరువదిమంది నిరుపేదలు. అది తీర్పు చెప్పవలసిన సభ కాదు, పంచిపెట్టవలసిన సభ. ‘పంచాయతీ’కిని ‘పంచుట’కును వ్యుత్పత్తిలో చుట్టరికము లేదు, ఒకటి సంస్కృతపు అయిదునుండి వచ్చినది, రెండవది అచ్చతెలుగు. అయినను తెలుగువాని చెవికి ఈ రెండును అన్నదమ్ములవలె వినవచ్చుట విచిత్రమే. తీర్పులో పక్షపాతము జరిగినయెడల బాధపడువాడు ఒక్కడు. పంపకములో పక్షపాతము జరిగినయెడల వీధికి వీధియే బాధపడును. అంతేకాదు, పొరుగూరిలో పంపకము ఎట్లు జరిగినదో వాకబు చేసి వచ్చును. న్యాయమునకు కొలబద్ద ఇప్పుడు పంచుల మనస్సాక్షిలో లేదు, కాలువ ఆవలి గట్టున ఉన్నది.

పై ప్రభుత్వములు ఈ వాకబునే ఆయుధముగా చేసికొనినవి. ఊళ్లకు బహుమతులు పెట్టినవి, పట్టణములకు వరుస సంఖ్యలు వేసినవి. పోటీ ఉన్నప్పుడు సోమరి సర్పంచి సైతము మేలుకొనునను వాదములో సత్యము లేకపోలేదు. కేరళమున 1996లో ప్రణాళికా ధనములో 35 నుండి 40 శాతము వరకు స్థానిక సంస్థలకు విడిచిపెట్టినప్పుడు, పొరుగు పంచాయతీ ఏమి చేసినదో చూచి తాను చేయ బూనిన పంచాయతీలు అనేకము. చూచి నేర్చుకొనుట మంచిదే. చూచి గెలువవలెననుకొనుట మొదలైనప్పుడే కథ మారును. గెలుపునకు లెక్క కావలెను. లెక్కకు అందనిది గెలుపులో చేరదు.

2003లో కేంద్రప్రభుత్వము ‘నిర్మల్ గ్రామ పురస్కారము’ను నెలకొల్పినది. బహిరంగ మలవిసర్జన లేని ఊరికి జనాభాననుసరించి ధనము, సర్పంచికి రాష్ట్రపతి సమక్షమున సన్మానము. 2005లో మొదటిసారి పదులలో నున్న పురస్కృత గ్రామములు రెండేండ్లలో వేలకు చేరినవి. ఇంత శీఘ్రముగా ఒక జాతి అలవాటు మారునా యని సందేహించినవారు తరువాత ఆ ఊళ్లకు వెళ్లి చూచినప్పుడు, వాడుకలో లేని మరుగుదొడ్లు, పిడకలు పేర్చిన మరుగుదొడ్లు అనేకచోట్ల కనబడినవి. అది ఒక వైఫల్యము. దానిని గూర్చి చాలమంది వ్రాసిరి. తక్కువమంది గమనించినది మరియొకటి కలదు. పోటీలో ఊరి పరువు నిలుపుటకు తెల్లవారుజామున ఈలలతో, చేతిదీపములతో గస్తీ తిరిగిన బృందములకు పట్టుపడినవారెవరు? ఇంటి వెనుక దొడ్డి యున్నవాడు కాదు. ఇంటిస్థలమే లేనివాడు, నీటికై మైలు నడిచి పోవు ఇల్లాలు, కూలికి పోవు తొందరలో నున్నది. చిరకాలము ఊరి వెలుపల ఉంచబడినవారే ఊరి పేరు చెడగొట్టువారుగా ఆ వేళ నిలువబడిరి. కొన్నిచోట్ల రేషను ఆపివేసెదమని బెదరింపులును జరిగినవి. ఆపై సన్మానపత్రము పంచాయతీ కార్యాలయపు గోడకు ఎక్కినది. ‘మన ఊరు న్యాయముగా గెలిచినది’ అని ఊరిలోని పెద్దలు నమ్మిరి. వారి నమ్మకము కపటము కాదు, నిజముగనే నమ్మిరి. కాని ‘మన’ అను మాటలో ఆ ఇల్లాలు ఉన్నదా యని ఆమెను అడిగినవారు లేరు. ప్రజలు తమ సమాజము న్యాయమైనదని భావించుచున్నారని ఎవరైన చెప్పినప్పుడు, ఏ ప్రజలు అని తిరిగి అడుగుట అమర్యాద కాదు.

ఐకమత్యమునకును బహుమతులు కలవు. గుజరాతమున 2001లో ‘సమరస్’ పేర, పోటీ లేకుండ పంచాయతీని ఎన్నుకొన్న గ్రామములకు ధనసహాయము ఏర్పడినది. ఆంధ్రప్రదేశమున 2021 పంచాయతీ ఎన్నికల వేళ ఏకగ్రీవములకు జనాభాననుసరించి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయల వరకు ప్రకటింపబడినవి. కక్షలతో కాలిపోయిన పల్లెలను చూచినవారు ఈ ఆలోచనను తేలికగా త్రోసివేయరు. ఎన్నిక ముగిసిన మరునాడు బావి దగ్గర మాటలు లేకపోవుట, పెండ్లికి పిలుపులు లేకపోవుట ఎరిగినవారు ఏకగ్రీవము వినగానే ఊపిరి పీల్చుకొందురు. అయినను ‘ఏకగ్రీవము’ అను మాటను విడదీసి చూచినచో అర్థము ‘ఒకే మెడ’ యని. ఊరంతయు ఒకే మెడతో తల ఊపినదని భావము. తక్కిన మెడలేమైనవి?

కొన్ని పల్లెలలో సర్పంచి పదవిని వేలము వేసిరని పత్రికలు ఎన్నికలు వచ్చినప్పుడెల్ల వ్రాయుచునే యుండును. తెలుగునాట, తమిళనాట, కన్నడనాట ఈ వార్తలు వచ్చినవి. గుడికి ఎక్కువ మొత్తము పాడినవానికి పదవి. తక్కినవారు నామపత్రము వేయరాదు. చట్టము దీనిని ఒప్పదు. కాని వేలములో పాల్గొన్న పెద్దమనుష్యుని వాదము వినదగినదే. ఎన్నిక జరిగినయెడల అదే ధనము రాత్రివేళ ఇంటింటికి సారాగాను, నోట్లుగాను పోవును, వేలములో అది పగటివేళ, పదిమంది ఎదుట, దేవుని హుండీలోనికి వచ్చుచున్నది, ఇందులో అన్యాయమేమి? ఈ వాదములో బలము కలదు. దానికి సమాధానము నీతిశాస్త్రములో వెదకనక్కరలేదు, ఆ వేలపు పాటలోనే దొరకును. పాట పాడలేనివాని చేతిలో ఉన్న ఆస్తి ఓటు ఒక్కటే. ఊరి మేలు పేరిట అమ్ముడుపోయినది అదే. అమ్మినవారు అది తమ సొత్తు కాదను సంగతి మరచిరి, కొన్నవాడును అడుగలేదు. గుడి మాత్రము కట్టబడినది. దానిలోనికి అందరికిని ప్రవేశము ఉన్నదా లేదా అనునది వేరొక కథ.

మౌనమును అంగీకారముగా లెక్కించుట ఎంత దూరము పోగలదో తమిళనాడులోని నాలుగు పంచాయతీలు చూపినవి. మదురై జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగలము, విరుదునగర్ జిల్లాలోని కొట్టకాచియేందల్ పంచాయతీల అధ్యక్ష స్థానములు 1996లో దళితులకు కేటాయింపబడినవి. పదేండ్లపాటు అక్కడ నామపత్రములు దాఖలు కాకపోవుటయో, ఎన్నికైనవాడు వెంటనే రాజీనామా చేయుటయో జరిగినది. పైనుండి చూచినవారికి ఆ ఊళ్లలో కలహము లేదు. మదురై జిల్లాలోనే మేలవలవు అను చోట 1997లో దళిత అధ్యక్షుడు మురుగేశను, ఆయన తోటివారు కొందరు పట్టపగలు హత్యకు గురియైరి. ఆ సంగతి తెలిసినవారికి ఆ నాలుగు ఊళ్ల నిశ్శబ్దములోని అర్థము వివరింప పనిలేదు. 2006 అక్టోబరులో తుదకు ఎన్నికలు జరిగి, ఎన్నికైనవారు పదవిలో నిలిచిరి. ఏకగ్రీవ గ్రామమునకు బహుమతి ఇచ్చు చేతికి, పోటీ చేసినందుకు ప్రాణము పోని గ్రామమునకును ఏదో ఒకటి ఇయ్యవలెనని తోచినట్లు లేదు.

పట్టణముల పోటీ ఇంతకంటె ఆర్భాటము గలది. 2016లో 73 నగరములతో ఆరంభమైన పరిశుభ్రతా సర్వేక్షణము మరుసటి సంవత్సరమునకే నాలుగువందలకు పైగా నగరములకు విస్తరించినది. 2017 మొదలు 2023 వరకు మధ్యప్రదేశములోని ఇందౌరు ప్రతిసారియు ప్రథమస్థానమును పొందినది. ఏడవసారి సూరతుతో పంచుకొన్నది. ఆ నగరములో జరిగిన పని నిజమైన పని. చెత్తను ఇంటివద్దనే వేరుచేయుట, గుట్టలుగా పేరుకొన్న పాత చెత్తను తొలగించుట చిన్న విషయములు కావు. రిక్షావాడు మొదలు వర్తకునివరకు ఆ నగరవాసులు తమ ఊరిని గూర్చి గర్వముతో పలుకుదురు. వెనుకటి తరములలో పౌరుడు ప్రభుత్వమును గూర్చి గర్వించుట అరుదు. ఆ గర్వమునకు విలువ కలదు.

2021 జనవరి నెలాఖరున, చలిదినములలో, ఆ నగరపాలక సంస్థ ఉద్యోగులు వీధులలో తలదాచుకొనుచున్న కొందరు వృద్ధులను ఒక వాహనములో ఎక్కించి, ఊరి పొలిమేర దాటించి, క్షిప్రా అను గ్రామము వద్ద రహదారి ప్రక్కన దింపివేసిరి. వారిలో లేచి నిలువలేనివారును ఉండిరి. వారి మూటలు, కంబళ్లు నేలమీద పడియుండెను. గ్రామస్థులు అడ్డు తగిలిరి, చిత్రములు తీసిరి, కేకలు వేసిరి. తుదకు ఆ ఉద్యోగులే వృద్ధులను తిరిగి వాహనములోనికి ఎక్కించుకొని పోవలసివచ్చెను. దేశమంతట గగ్గోలు పుట్టినది; ఒక ఉపకమిషనరును పదవినుండి తాత్కాలికముగా తొలగించిరి. వరుస సంఖ్యకొరకే ఆ పని చేసిరని చెప్పుట న్యాయము కాదు. చేసినవారి అంతరంగము చేసినవారికే తెలియును. అయితే తొలగించినది చెత్త కాదు, మనుష్యులు; తొలగించిన చోటు వేరొక పంచాయతీ పొలిమేర. పోటీలో నున్న ప్రతి ప్రభుత్వమునకును గీత అవతలికి త్రోయుట అను సులభోపాయము ఒకటి ఎల్లప్పుడు అందుబాటులో ఉండును. లెక్క గీతలోపలిదే గనుక, గీత అవతల పడినది లేనట్లే.

ఇందు ఆలోచింపదగినది క్షిప్రా గ్రామస్థుల చర్య. వారికి ఏ బహుమతియు లేదు, ఏ వరుస సంఖ్యయు లేదు. నగరపు పౌరులు ఏండ్ల తరబడి సంపాదించిన కీర్తిని వారు ఒక్క దినమున ప్రశ్నించిరి. వారిని కదిలించినది వృద్ధులపై జాలియా, లేక నగరము తన భారమును తమ వాకిట దింపుచున్నదను కోపమా? రెండును ఉండవచ్చును. కాలువ గట్టున మొదలైన చిక్కు ఇక్కడ తలక్రిందుగా మరల కనబడుచున్నది. పొరుగూరిని చూచుట అసూయకు మాత్రమే మూలము కాదు. పొరుగూరిచే చూడబడుటవలన పాలకులకు సిగ్గు కలుగుటయు కలదు. తన పౌరులు మాత్రమే తనను చూచుచున్నంతకాలము ఇందౌరు తన దృష్టిలో న్యాయమైన నగరమే. పొలిమేర అవతలివాడు చూచిన తరువాతనే అద్దములోని మచ్చ కనబడినది.

తిరువనంతపురమునకు సమీపమున విళప్పిల్‌శాల యను గ్రామము కలదు. 2000లో నగరపు చెత్తను శుద్ధిచేయు కర్మాగారమును అక్కడ నెలకొల్పిరి. ఏండ్లు గడచినకొలది శుద్ధి తగ్గి దుర్గంధము హెచ్చినది, నీరు చెడినది. నగరములో వీధులు శుభ్రముగా నుండెను గనుక నగరవాసికి ఫిర్యాదు లేదు. 2011 డిసెంబరులో ఆ గ్రామపంచాయతీ కర్మాగారపు తలుపునకు తాళము వేసినది. పోలీసులు వచ్చిరి, న్యాయస్థానములు జోక్యము చేసికొనినవి, గ్రామస్థులు రోడ్డుమీద పరుండిరి. తాళము తీయుట సాధ్యము కాలేదు. చెత్త వీధులలో పేరుకొనిన పిమ్మట నగరము తన ఇంటిచెత్తను తన ఇంటిలోనే ఎరువుగా మార్చుకొను పద్ధతులను నేర్చుకొన మొదలిడినది. ఒక చిన్న పంచాయతీకి తాళము వేయు అధికారము, వేయు ధైర్యము ఉన్నందున ఇది జరిగినది. ఆ అధికారము లేని పల్లెలు దేశములో ప్రతి మహానగరము చుట్టును కలవు.

పోటీయే న్యాయమును తెచ్చునని నమ్మువారు ఒక సంగతిని విస్మరింతురు. పరుగుపందెములో గీత అందరికిని ఒకచోటనే గీయబడవలెను. జాతీయ రహదారి ప్రక్కనున్న పంచాయతీకి దుకాణములపై పన్ను వచ్చును. ఇసుకరేవు ఉన్నదానికి ఆ రాబడి కలదు. కొండమీది గూడెమునకు వచ్చునది ఆకాశమునుండి వానయే. 2018లో వెనుకబడిన 112 జిల్లాలను ఎంచి కేంద్రము చేపట్టిన కార్యక్రమములో, ఎవరు ఎక్కడ ఉన్నారని కాక, నెలనెలకు ఎవరు ఎంత ముందుకు జరిగిరని కొలిచిరి. ఇది కొంత మెరుగైన కొలత. కాని కాలువ గట్టున కూర్చున్న రైతు ‘మా ఊరు ఎంత ముందుకు జరిగినది’ అని కొలువడు. దీపము ఉన్నదా లేదా అని చూచును. అధికారి చేతిలోని న్యాయపు కొలత వేరు, రైతు కంటిలోని కొలత వేరు. ఈ రెండింటి నడుమ వ్యవధానమును నివేదికలు పూడ్చలేవు.

రాజస్థానములోని శ్రమజీవులు 1994 ప్రాంతమున వేరొక కొలతను కనుగొనిరి. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అను సంస్థవారు ఆ డిసెంబరు నెలలో పాలీ జిల్లాలోని కోట్ కిరానా గ్రామమున ఒక బహిరంగ విచారణ జరిపిరి. పంచాయతీ ఖర్చుల కాగితములు, కూలీల హాజరు పట్టీలు జనుల ఎదుట బిగ్గరగా చదువబడినవి. ‘మా డబ్బు, మా లెక్క’ అనునది వారి నినాదము. అక్కడ పొరుగూరితో పోలిక లేదు. కాగితము మీది ఊరికిని, కాలిక్రింది ఊరికిని పోలిక. ఈ ఉద్యమము పెరిగి 2005 నాటి సమాచార హక్కు చట్టమునకు దోహదము చేసినది. అదే సంవత్సరపు ఉపాధి హామీ చట్టమున గ్రామసభయే లెక్కలను తనిఖీ చేయవలెనని విధింపబడినది. 2006 మొదలుకొని ఆంధ్రప్రదేశమున ఈ తనిఖీలు మండల మండలమునకు నడచినవి. అవినీతి పోయినదని ఎవరును అనలేదు. వసూలు కావలసిన ధనములో వసూలైనది స్వల్పమే. అయినను ఆ సభలలో ఒక వింత జరుగుచుండెను. ‘హక్కు’ అను మాట తెలుగులోనికి హిందూస్థానీ ద్వారా వచ్చినది. మూలభాషయైన అరబ్బీలో దానికి సత్యము అనియు అర్థము కలదు. తెలుగులో ఆ రెండవ అర్థము దారిలో జారిపోయినది. ఆ సభలలో మాత్రము అది తిరిగి దొరికినట్లుండెను.

హాజరు పట్టీ చదువువాడు ఒక పేరు చదువును. పలానివాడు, ఇన్ని దినములు, ఇన్ని రూపాయలు అనును. జనములోనుండి ఒకడు లేచును. ‘ఆ పేరు నాదే. ఆ నెలలో నేను ఊరిలో లేను. ఆ రూకలు నా చేతికి రాలేదు’ అని పలుకును. సభ ఒక్క క్షణము ఊరకుండును. ఆపై సర్పంచి వైపునకు తలలన్నియు తిరుగును. ఒక్కొక్క మెడ విడివిడిగా.